గింప్‌లో ఫిల్టర్లు: మంచు ఫొటోలో కొబ్బరిచెట్ల చుట్టూ తెల్లగీత ఎందుకొస్తోంది?

రేవుగట్టు
అందరికీ నమస్కారమండీ. కోటిపల్లి రేవులో ధనుర్మాసం పొద్దున తీసిన ఫొటో. ముందు పడవ, అవతల ముక్తేశ్వరం వైపు గట్టు మీద కొబ్బరిచెట్ల వరస, మధ్యలో అంతా మంచు. ఫోన్ జేపెగ్, 4000×3000. గింప్ (ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) 3.0, విండోస్. ఒక వీడియోలో చెప్పినట్టు ఫిల్టర్స్ → ఎన్‌హాన్స్ → అన్‌షార్ప్ మాస్క్‌లో రేడియస్ 60, అమౌంట్ 1.5 పెట్టాను. చెట్లు తేలాయి గానీ వాటి చుట్టూ తెల్లగా వెలుగు పట్టేసింది, ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలొచ్చాయి. వాడకం రెండు రకాలు: 6×4 అడుగుల ఫ్లెక్స్ ఒకటి, వాట్సాప్‌లో పంపడానికి ఒకటి. ఎక్కడ తప్పుతోంది?

పిక్సెల్_పంతులు
రెండూ వేరువేరు జబ్బులండీ. ముందు తెల్లగీత సంగతి.

అన్‌షార్ప్ మాస్క్ చేసే పని ఇంతే: ఫొటోకి మసక నకలు ఒకటి తీస్తుంది, అసలుకీ నకలుకీ ఉన్న తేడాని అమౌంట్‌తో హెచ్చవేసి మళ్లీ అసలు మీద కలుపుతుంది. రేడియస్ అంటే ఆ నకలు ఎంత మసకగా ఉండాలన్నది. నల్లటి చెట్టు పక్కన తెల్లటి ఆకాశం ఉంటే, మసక నకల్లో చెట్టు నలుపు ఆకాశంలోకి కారుతుంది. తేడా తీసినప్పుడు సరిగ్గా ఆ కారిన మేర ఆకాశం ఇంకా తెల్లబడుతుంది. మీకు కనపడే వెలుగు అదే. రేడియస్ 60 కాబట్టి అంత వెడల్పుగా పరుచుకుంది, అమౌంట్ 1.5 కాబట్టి అంత కొట్టొచ్చినట్టుంది.

మంచు విడగొట్టడానికి పెద్ద రేడియస్ కావలసిందే, అందులో తప్పులేదు. తప్పు అమౌంట్‌ది. పెద్ద రేడియస్‌కి అమౌంట్ 0.15 నుంచి 0.25 దాటకూడదు. ఇలా చేసి చూడండి.

మొదట కలర్స్ → లెవెల్స్. మంచు ఫొటో హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూపే పటం) మధ్యలో గుట్టలా ఉండి ఎడమపక్క ఖాళీగా ఉంటుంది. గుట్ట 70 దగ్గర మొదలైతే నల్ల త్రికోణాన్ని 50, 55 దాకా జరపండి, 70కి ఆనించొద్దు. పూర్తిగా ఆనిస్తే మంచు పోయి మధ్యాహ్నం ఎండలో తీసినట్టవుతుంది. సగం పని ఇక్కడే అయిపోతుంది. చాలామంది ఇది వదిలేసి నేరుగా ఫిల్టర్ మీద పడతారు.

తరవాత లేయర్‌కి (ఫొటో పొరకి) నకలు తీసి దానిమీద అన్‌షార్ప్ మాస్క్: రేడియస్ 80, అమౌంట్ 0.2, థ్రెషోల్డ్ (ఇంతకంటే తక్కువ తేడాని వదిలెయ్యమనే హద్దు) 0. ఆ డైలాగ్ అడుగున బ్లెండింగ్ ఆప్షన్స్ ఉంటాయి, తెరిచి మోడ్‌ని డార్కెన్ ఓన్లీ చెయ్యండి. అంటే ఫిల్టర్ నల్లబరిచిన చోట్లు మాత్రమే నిలుస్తాయి, తెల్లబరిచినవి ఎగిరిపోతాయి. తెల్లగీతకి అసలు చోటే ఉండదు.

చివర ఆ లేయర్‌కి మాస్క్ (తెలుపున్న చోట లేయర్ కనపడుతుంది, నలుపున్న చోట దాగుతుంది). మంచు దూరాన్ని బట్టి చిక్కబడుతుంది కదా, మీ పడవ మీద దాదాపు లేదు, అవతలి గట్టు మీద బాగా ఉంది. మాస్క్‌ని తెల్లగా మొదలెట్టి, పడవ దగ్గర నల్ల గ్రేడియెంట్ లాగండి. ఫిల్టర్ గట్టు మీద పూర్తిగా, నీటి మధ్యలో సగం, పడవ మీద సున్నా.

లంకగాలి
కలర్స్ → టోన్ మ్యాపింగ్ → రెటినెక్స్ ఒక్క క్లిక్కు. ఇంత పంచాంగం ఎందుకు?

పిక్సెల్_పంతులు
రెటినెక్స్ చీకటి మూలల్ని లేపడానికి బాగుంటుంది లంకగాలి గారూ. మంచు మీద వేస్తే మంచులో ఉన్న ప్రతి నలకనీ వివరం అనుకుని లేపుతుంది. ఫోన్ జేపెగ్ లోపల 8×8 పిక్సెల్ గళ్లుగా కుదించి ఉంటుంది, సాదాగా ఉన్న ఆకాశంలో ఆ గళ్లు మామూలుగా కంటికి ఆనవు. రెటినెక్స్ వేశాక 200 శాతానికి పెంచి చూడండి, గచ్చు పలకలు పరిచినట్టు కనపడతాయి. వెయ్యాలంటే నకలు లేయర్ మీద వేసి ఓపాసిటీ (లేయర్ ఎంత గట్టిగా కనపడాలన్నది) 20 దగ్గర పెట్టండి, అంతకు మించి వద్దు.

లంకగాలి
చూశాను. గళ్లు ఉన్నాయి. ఒప్పుకుంటున్నా.

రేవుగట్టు
డార్కెన్ ఓన్లీ మంత్రంలా పనిచేసిందండీ, తెల్లగీత పోయింది. ఆకాశంలో మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

తెరచాప
మెట్ల సంగతి నేను చెప్తాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. మంచు ఆకాశం మొత్తం 190 నుంచి 225 లోపల ఉందనుకోండి, 35 మెట్లతో అంత పెద్ద ఆకాశం గీసినట్టు. లెవెల్స్‌తో దాన్ని లాగితే 35 మెట్లే దూరం దూరం జరుగుతాయి, మధ్యలో కొత్తవి పుట్టవు. అవే గీతలు.

పని మొదలెట్టక ముందే ఇమేజ్ → ప్రెసిషన్‌లో 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌కి మార్చుకోండి. దీంతో లేని వివరం రాదు, ఆ మాట ముందే చెప్తున్నా. కాకపోతే ఒకదాని తరవాత ఒకటి ఫిల్టర్లు వేసినప్పుడు ప్రతిసారీ అంకెని దగ్గరి పూర్ణాంకానికి సర్దడం వల్ల వచ్చే నష్టం ఆగుతుంది. ఆ తరవాత ఆకాశాన్ని మాత్రం సెలెక్ట్ చేసి, అంచు 40 పిక్సెల్స్ ఫెదర్ చేసి (అంటే మెత్తబరిచి), గాసియన్ బ్లర్ 8 నుంచి 12. దానిమీద ఫిల్టర్స్ → నాయిస్ → ఆర్జీబీ నాయిస్, మూడు రంగులకీ 0.02, ఇండిపెండెంట్ ఆర్జీబీ టిక్కు తీసేసి. టిక్కు ఉంటే రంగురంగుల ఇసక చల్లినట్టుంటుంది. ఈ సన్న నాయిస్ మెట్ల అంచుల్ని చెరిపేస్తుంది. ఫ్లెక్స్ మీద అది కనపడనే కనపడదు.

ఒక్క జాగ్రత్త: నాయిస్ అన్నిటికంటే ఆఖర్న. నాయిస్ వేశాక షార్పెన్ చేస్తే ఇసక రేణువులు పకోడీలంత అవుతాయి.

కుండీలకొట్టు
ఇదే దారిలో అడిగేస్తున్నా, ఏమనుకోకండి. కడియపులంక నర్సరీల్లో మొక్కల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టడానికి. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద తీసినవి, అన్నిటికీ పచ్చ పులుముకున్నట్టుంది. కలర్స్ → ఆటో → వైట్ బ్యాలెన్స్ కొడితే ఒక్కో ఫొటో ఒక్కో రంగులోకి పోతోంది. ఇంకో సమస్య: మందారం వెనకాల బ్లర్ చేస్తే పువ్వు చుట్టూ ఎర్రగా పొగలా వస్తోంది.

అద్దంమీదఆవిరి
ఆటో వైట్ బ్యాలెన్స్‌కి తెలుపంటే ఏంటో తెలీదండీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా తీసుకుని, రెండు కొసల్లో 0.05 శాతం పిక్సెల్స్ వదిలేసి, మిగతాది చివరికంటా లాగుతుంది. ఫొటో నిండా ఆకులే ఉంటే నీలం కొద్దిగానే ఉంటుంది, దాన్ని కూడా కొసకి లాగేస్తుంది. మొక్క మారితే ఫలితం మారేది అందుకే.

షేడ్‌నెట్ కింద ఖాయమైన మందు ఒకటే. ఫ్రేములో ఒక మూల తెల్ల కాగితం గానీ, సిమెంటు కుండీ గానీ ఉండేలా తియ్యండి. లెవెల్స్ తెరిచి నడుమ ఉన్న గ్రే పాయింట్ పికర్‌తో ఆ సిమెంటు మీద నొక్కండి. తెల్ల కాగితమైతే దాని నీడ పడ్డ భాగం మీద. మిరుమిట్లు గొలిపే భాగం మీద నొక్కితే అక్కడ మూడు రంగులూ 255కి తాకేసి ఉంటాయి, పికర్‌కి ఏ సమాచారమూ దొరకదు. అదే నెట్ కింద, అదే పూట తీసిన మిగతావాటికీ ఇదే సెట్టింగు పనికొస్తుంది. డైలాగ్ పైన ప్రీసెట్స్ పక్కనున్న ప్లస్ గుర్తుతో పేరు పెట్టి దాచుకోండి.

కాగితం పెట్టకుండా తీసేసిన వాటికి కలర్ బ్యాలెన్స్, మిడ్‌టోన్స్, మెజెంటా వైపు 10 నుంచి 20. ఆకులు మరీ చచ్చుబడితే 8కి తగ్గించండి. కొనేవాడు ఆకు రంగు చూసే మొక్క బతుకు అంచనా వేస్తాడు, అది పాడైతే పువ్వు ఎంత బావున్నా దండగే.

ఇక ఎర్ర పొగ. గాసియన్ బ్లర్‌కి పువ్వేదో వెనకేదో తెలీదు. లేయర్ మొత్తం మసకబార్చి పువ్వుని మాస్క్‌తో పైన పెట్టారు కదా, కింద మసకలో కూడా పువ్వు ఉంది, దాని ఎరుపు రేకల అంచు దాటి బయటికి పాకింది. కింది లేయర్లోంచి ముందు పువ్వుని తీసెయ్యాలి. పువ్వుని కాస్త వదులుగా లాస్సోతో చుట్టి, సెలెక్ట్ → గ్రో 15, క్లోన్ టూల్‌తో పక్కనున్న ఆకుల్ని ఆ చోట నింపండి. నీట్‌గా రానక్కర్లేదు, ఎలాగూ మసకబారేదే. అప్పుడు బ్లర్. 4000 వెడల్పు ఫొటోకి 20 నుంచి 30 సరిపోతుంది. గాసియన్‌కి బదులు లెన్స్ బ్లర్ వాడితే ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుగుచుక్కలు గుండ్రంగా, నిజం కెమెరాలోలా వస్తాయి.

కుండీ నిలబడ్డ నేలని పూర్తిగా మసక చెయ్యకండి. కుండీ అడుగున స్పష్టంగా, వెనక్కి పోయే కొద్దీ మసకగా గ్రేడియెంట్ మాస్క్ పెట్టాలి. లేకపోతే కుండీ గాల్లో తేలుతుంది.

తెరచాప
మందారం రేకల్లో గీతలు కనపడకుండా ఎర్రముద్దలా ఉంటే అది ఫిల్టర్ తప్పు కాదు, ఎరుపు ఛానల్ నిండిపోయింది. హ్యూ-సాచురేషన్‌లో ఎరుపు ఎంచుకుని సాచురేషన్ మైనస్ 15, లైట్‌నెస్ మైనస్ 5. నిండిపోయినచోట పోయిన వివరం రాదు గానీ మిగిలినది కాస్త బయటపడుతుంది. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు దించడం మేలు.

అల్లికసూది
నర్సాపురం లేసు. నల్ల గుడ్డ మీద పరిచి తీస్తాం. రెండు ప్రశ్నలు. దారం మెలిక కనపడేలా షార్ప్ చెయ్యడం ఎలా? నల్ల గుడ్డ తీసేసి వేరే రంగు మీద పెట్టినప్పుడు కన్నాల్లోంచి ఆ రంగు కనపడాలి, ఒక్కో కన్నం కత్తిరిస్తూ కూచోలేం కదా.

పిక్సెల్_పంతులు
కత్తిరించే పనే లేదమ్మా. కలర్స్ → కలర్ టు ఆల్ఫా, రంగు నలుపు. నలుపు ఎంత ఉందో అంత పారదర్శకం చేస్తుంది కాబట్టి కన్నాలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. దారం అంచున ఉండే సన్న నూగు కూడా చెక్కుచెదరదు, చేత్తో కత్తిరిస్తే మొదట పోయేది అదే.

రెండు చోట్ల తేడా కొడుతుంది. గుడ్డ నల్లగా కనపడినా నిజానికి 20, 30 మధ్య బూడిద రంగు. దానివల్ల కన్నాల్లో సన్నటి పొర మిగిలిపోతుంది. ముందే లెవెల్స్‌లో నల్ల త్రికోణాన్ని గుడ్డ గుట్ట దాటేదాకా జరపండి, లేదా కలర్ టు ఆల్ఫాలోనే ట్రాన్స్‌పరెన్సీ థ్రెషోల్డ్ 0.1 ఇవ్వండి.

రెండోది అసలైన చిక్కు. దారంలో నీడ పడ్డ పక్క బూడిదగా ఉంటుంది కదా, ఫిల్టర్ దాన్నీ సగం పారదర్శకం చేసేస్తుంది. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే లేసు గులాబీ రంగులోకి పోతుంది. ఓపాసిటీ థ్రెషోల్డ్ మామూలుగా 1 ఉంటుంది, దాన్ని 0.5కి దించండి. దారాలు గట్టిపడతాయి, అంచులు మెత్తగానే ఉంటాయి. 0.3 కంటే దించితే అంచులు రంపపు పళ్లలా అవుతాయి.

దారం మెలికకి హై పాస్. ఫిల్టర్స్ → ఎన్‌హాన్స్‌లోనే ఉంది. నకలు లేయర్ మీద స్టాండర్డ్ డీవియేషన్ 2 నుంచి 3, కాంట్రాస్ట్ 1, లేయర్ మోడ్ ఓవర్‌లే. ఫొటో బూడిదరంగులోకి మారి దారాల గీతలే కనపడుతున్నప్పుడు అంకె సరైనది. పువ్వుల ఆకారాలు కూడా నీడల్లా కనపడుతుంటే అంకె ఎక్కువైంది. షార్పెనింగ్ కలర్ టు ఆల్ఫా కంటే ముందే చెయ్యండి, తరవాత చేస్తే సగం పారదర్శకంగా ఉన్న నూగు గరుకెక్కుతుంది.

అల్లికసూది
వచ్చిందండీ, కన్నాలన్నీ తెరుచుకున్నాయి. ఫిల్టర్స్ → లైట్ అండ్ షాడో → డ్రాప్ షాడో కూడా వేశాను, నీడ కన్నాల్లోంచి కూడా పడింది. కాకపోతే కుడివైపు, కింద నీడ కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

అద్దంమీదఆవిరి
డైలాగ్‌లో క్లిప్పింగ్ అని ఉంటుంది, క్లిప్‌లో ఉంటే లేయర్ అంచు దగ్గర నీడ తెగుతుంది. దాన్ని అడ్జస్ట్‌కి మార్చండి. అది అప్పటికే అడ్జస్ట్‌లో ఉందంటే లేసు ఫొటో చివరిదాకా ఉన్నట్టు, కేన్వాస్ బయట పడ్డ నీడ ఎలాగూ కనపడదు. ఇమేజ్ → కేన్వాస్ సైజ్‌లో నాలుగు వైపులా 100 పిక్సెల్స్ పెంచుకోండి. ఎక్స్, వై 20, బ్లర్ 10 అనే డిఫాల్టు పెద్ద ఫొటోలో గోడకి అంటించినట్టుంటుంది. 4000 వెడల్పుకి 12, 18, బ్లర్ 25, ఓపాసిటీ 0.35 మెత్తగా వస్తుంది.

వెబ్‌కి చిన్నది చేసేటప్పుడు లేసులో వానచారల్లా అలలు కనపడతాయి. స్కేల్ ఇమేజ్‌లో ఇంటర్‌పొలేషన్ నోహాలో పెట్టండి, సగం కంటే తక్కువకి దించేటప్పుడు అదే సరైంది. అయినా అలలుంటే దించేముందు గాసియన్ బ్లర్ 0.7.

చిన్నలంక_కుర్రాడు
అన్నలూ, నాకు ఫిల్టర్స్ మెనూలో సగం బూడిదరంగులో ఉండిపోయాయి, నొక్కినా పలకవు. ఇంకో ఫైల్లో నొక్కితే పలుకుతాయి గానీ ఏమీ మారదు.

లంకగాలి
మొదటిది: గిఫ్ గానీ, తక్కువ రంగుల పీఎన్‌జీ గానీ తెరిచి ఉంటావ్. ఇమేజ్ → మోడ్ → ఆర్జీబీ. రెండోది: ఎక్కడో చిన్న సెలెక్షన్ మిగిలిపోయి ఉంటుంది, ఫిల్టర్ అక్కడే పనిచేస్తోంది. కంట్రోల్ షిఫ్ట్ ఏ. అయినా మారకపోతే లేయర్ల పట్టీలో ఏ లేయర్ మీద ఉన్నావో చూసుకో, కళ్లు మూసిన లేయర్ మీద ఫిల్టర్ వేసి పైన చూస్తే ఏం కనపడుద్ది?

చిన్నలంక_కుర్రాడు
మోడే అన్నా. థాంక్స్. జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫొటోలకి ఆయిల్ పెయింటింగ్ ఎఫెక్ట్ వేద్దామనుకుంటున్నా. ఫిల్టర్స్ → ఆర్టిస్టిక్ → ఆయిలిఫై వేస్తే పెద్ద ఫొటోలో ఏమీ తెలీట్లేదు, చిన్న ఫొటోలో జనం మొహాలు ముద్దయిపోతున్నాయి.

పిక్సెల్_పంతులు
ఈ చర్చ మొత్తానికీ కీలకం ఇదే బాబూ. ఫిల్టర్లలో రేడియస్ పిక్సెల్స్‌లో ఉంటుంది. ఆయిలిఫైలో మాస్క్ రేడియస్ డిఫాల్టు 4. 4000 వెడల్పు ఫొటోలో 4 అంటే వెయ్యో వంతు, కంటికి ఆనదు. 800 వెడల్పులో అదే 4 అంటే రెండొందలో వంతు, మొహం మొత్తం ఒక కుంచె దెబ్బ. రేవుగట్టు గారు వీడియో చూసి 60 పెట్టినప్పుడూ ఇదే. ఆ వీడియో ఆయన ఏ కొలత ఫొటో మీద చేశాడో చెప్పడు. అంకెతో పాటు వెడల్పు కూడా చెప్పని సెట్టింగుని నమ్మొద్దు.

మార్చుకునే లెక్క తేలిక. 4000లో 10 నచ్చితే, 1600లో 4. వెడల్పు ఎన్నోవంతుకి తగ్గితే అంకె అన్నోవంతుకే.

ప్రభకి: 4000 వెడల్పులో మాస్క్ రేడియస్ 10 నుంచి 14, ఎక్స్‌పొనెంట్ 8 అలాగే ఉంచు. నూలుదారాల అల్లిక, రంగు కాగితాలు దీంట్లో అందంగా వస్తాయి, పెద్ద పెద్ద రంగు ముక్కలు కదా. మోస్తున్నవాళ్ల మొహాల మీద మాత్రం రేడియస్ 4తో వేరే నకలు చేసి మాస్క్‌తో అక్కడ పెట్టు. మొత్తం ఒకే రేడియస్‌తో వేస్తే యంత్రం వేసిన బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది. చిత్రకారుడైనా ఆకాశానికి ఒక కుంచె, కంటికి ఒక కుంచె వాడతాడు.

లంకగాలి
ప్రభ మీద లెన్స్ ఫ్లేర్ మాత్రం పెట్టకు. సూర్యుడు నీ వెనక ఉంటే మెరుపు ముందెలా వస్తుంది?

తెరచాప
జీమిక్ ప్లగిన్ కూడా చూడు తమ్ముడూ. ఫ్రాన్సులో గ్రేక్ ల్యాబు వాళ్లది, ఉచితం, 500 పైగా ఫిల్టర్లు. 2.10కి దించుకున్నది 3.0లో పనిచెయ్యదు, 3.0 కోసం కట్టినదే వేరేగా తెచ్చుకోవాలి.

రేవుగట్టు
పడవకి నీళ్లలో నీడ సరిగ్గా లేదు, మంచులో కలిసిపోయింది. ప్రతిబింబం కల్పించి పెట్టొచ్చా?

తెరచాప
పెట్టొచ్చు. పడవని నకలు తీసి నిలువుగా తిప్పి కిందికి దించండి. లేయర్‌ని కాస్త నల్లబరచండి, నీళ్లలో నీడ మామూలుగా అసలు కంటే ముదురే. మోషన్ బ్లర్, లీనియర్, యాంగిల్ 90, లెంగ్త్ 15. తరవాత డిస్టార్ట్స్ → రిపుల్. డిఫాల్టు యాంప్లిట్యూడ్ 25, పీరియడ్ 200 ఇక్కడ పనికిరావు, పడవ పాములా వంకర్లు పోతుంది. యాంప్లిట్యూడ్ 4, పీరియడ్ 30 దగ్గర మొదలెట్టి ప్రివ్యూ చూస్తూ తిప్పండి. అలలు మనకి దగ్గరయ్యే కొద్దీ పెద్దవిగా ఉండాలి, అందుకని రిపుల్ వేశాక పర్‌స్పెక్టివ్ టూల్‌తో కింది అంచుని కాస్త వెడల్పు చెయ్యండి.

ధనుర్మాసం నీళ్లు తేటగా, నిలకడగా ఉంటాయి కాబట్టి చెల్లుతుంది. ఇదే పని వరదల్లో ఎర్రనీటి మీద చేస్తే ఎవరూ నమ్మరు, ఆ బురదనీటికి అంత అద్దం గుణం ఉండదు.

ఫ్లెక్స్_బాబాయ్
ప్రింటు వైపు నుంచి. 6×4 అడుగులంటే అంగుళానికి 72 పిక్సెల్స్ చొప్పున 5184×3456. మీది 4000×3000, ముందు 4000×2667కి కత్తిరించండి, లేకపోతే మనిషి పొట్టోడైపోతాడు. తరవాత 1.3 రెట్లు పెంచితే సరిపోద్ది. షార్పెనింగు పెంచాక చెయ్యండి, ముందు చేసి పెంచితే గీతలు కూడా లావెక్కుతాయి. ఫ్లెక్స్‌ని పదడుగుల దూరం నుంచి చూస్తారు, రేడియస్ 2.5, అమౌంట్ 0.6 ఇచ్చినా పర్లేదు. స్క్రీన్ మీద కాస్త కటువుగా కనపడాలి.

పేర్లు రాసేటప్పుడు యూనికోడ్ కాని అనూ ఫాంట్ టైపింగు గింప్‌లో అతికించకండి, పిచ్చి అక్షరాలొస్తాయి. యూనికోడ్‌లో కొట్టి రామభద్ర గానీ మండలి గానీ పెట్టండి. అక్షరాల చుట్టూ అంచు లావుగా వేస్తే ఒత్తులు, వట్రుసుడులు పూడిపోతాయి. అక్షరం ఎత్తు 200 పిక్సెల్స్ ఉంటే అంచు 6 దాటొద్దు. 3.0లో నీడ వేశాక కూడా అక్షరదోషం దిద్దుకోవచ్చు, ఫిల్టర్ లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ గుర్తుగా విడిగా ఉంటది. డైలాగ్‌లో మెర్జ్ ఫిల్టర్ టిక్కు పడిందా, ఆ సౌకర్యం పోయినట్టే.

రేవుగట్టు
ఆయ్, అర్థమైంది బాబాయ్ గారూ. వాట్సాప్ కాపీకి?

ఫ్లెక్స్_బాబాయ్
ఎక్స్‌సీఎఫ్ (గింప్ సొంత ఫైలు) ఒకటి దాచుకుని, దాని నకల్లో లేయర్లన్నీ ఫ్లాటెన్ చేసి (ఒకే పొరగా కలిపి), 1600 వెడల్పుకి దించి, అన్‌షార్ప్ రేడియస్ 0.8, అమౌంట్ 0.4. ఎక్స్‌పోర్టులో క్వాలిటీ 90, సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత కుదించాలన్నది) 4:4:4, లేకపోతే ఎర్ర అక్షరాల అంచులు కారతాయి. నాకు పంపే ఫ్లెక్స్ ఫైల్ మాత్రం ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

రేవుగట్టు
మాస్టారూ, ఒకటే మిగిలింది. పెంచాక చూస్తే పడవ తాడు చుట్టూ మళ్లీ సన్నటి తెల్లగీత.

పిక్సెల్_పంతులు
అది మంచుది కాదు, ఇందాక వేసిన 2.5ది. బాబాయ్ గారి అమౌంట్ అలాగే ఉంచి థ్రెషోల్డ్ 0.03 పెట్టినా తాడుకి తగ్గదు, అక్కడ తేడా ఎక్కువ. ఎఫ్ఎక్స్ మీద నొక్కి ఆ షార్పెనింగ్‌కి కూడా డార్కెన్ ఓన్లీ పెట్టండి.